సాలెర్ ఆగిన వేసవి: యూరప్‌లో ఊరి పేరున్న తిండికి ఇక ముందు దారేది?

1. పచ్చికబయలు (క్లెర్మాన్-ఫెర్రాన్)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేనుండేది ఫ్రాన్స్ నడుమన, ఓవెర్న్య కొండల పక్కన. ఇక్కడికి దక్షిణాన కాంతాల్ అనే జిల్లా ఉంది. పాత అగ్నిపర్వతాల నేల. వేసవంతా ఆ గుట్టల మీద ఎర్రటి ఆవులు మేస్తుంటాయి. అక్కడ చేసే సాలెర్ అనే చీజ్‌కి యూరోపియన్ యూనియన్ పేరు రక్షణ ఉంది. ఆ పేరు పెట్టుకోవాలంటే నిబంధనలు గట్టివి. ఏప్రిల్ 15 నుంచి నవంబర్ 15 దాకానే చెయ్యాలి. పాలు పితికిన పాకలోనే చెయ్యాలి, పాలు కాచకూడదు. ఆ పచ్చిపాలను జెర్ల్ అనే చెక్క తొట్టిలోనే విరగనివ్వాలి. ఆవు తినే మేతలో కనీసం 75 శాతం పచ్చిక ఉండాలి.

2022లో వానలు మొహం చాటేశాయి. గుట్టలన్నీ ఎండి గడ్డివాము రంగుకు తిరిగాయి. ఆగస్టులో సాలెర్ తయారీ ఆపేశారు. ఆవులున్నాయి, పాలున్నాయి, చేసే మనుషులున్నారు. పచ్చిక లేదు కాబట్టి ఆ పేరు పెట్టడానికి లేదు. వానలు పడి గడ్డి మొలిచాకే మళ్ళీ మొదలుపెట్టారు.

సాలెర్ కనీసం మూడు నెలలు మాగాలి. అందుకని సంతలో ఆ లోటు వెంటనే కనబడలేదు. చలికాలం వచ్చాక, నేనెప్పుడూ కొనే ఆవిడ బల్ల మీద సగం ఖాళీ చూశాను. అప్పుడు అర్థమైంది, ఆగస్టు ఎండ డిసెంబరులో నా పళ్ళెం దాకా వచ్చిందని.

నా ప్రశ్న ఇది. ఎండలు ఇలాగే ముదిరితే ఈ నిబంధనల్ని సడలించాలా? 2024లో యూరప్ కొత్త చట్టం తెచ్చింది కదా, అందులో దీనికేమైనా దారి ఉందా? ఇరవై ఏళ్ళ తర్వాత ఈ పేర్లు ఉంటాయా, ఉన్నా వాటి వెనక సరుకు ఉంటుందా?

2. గోదారిగట్టు (రావులపాలెం)

బాబూ, మంచి విషయం ఎత్తావు. నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా పక్కనే ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో జీఐ (ఊరి పేరుకు చట్ట రక్షణ) వచ్చినప్పుడు ఊళ్ళో పండగ చేశారు. కానీ యూరప్ పద్ధతి నాకు సరిగా తెలియదు. నాలాంటి వాళ్ళ కోసం మొదటి నుంచి చెప్పండి. ఈ రక్షణ ఎన్ని రకాలు? నిబంధనలు రాసేదెవరు? ముఖ్యంగా, పాలు పోసే రైతుకి ఏం మిగులుతుంది?

3. శ్యామల (బ్రస్సెల్స్)

గోదారిగట్టు గారూ, నేను ఇక్కడ వ్యవసాయ విధానాల పత్రాలు అనువాదం చేసే పనిలో ఉన్నాను. నాకు తెలిసింది చెప్తాను.

1992లో రెండు పెద్ద పనులు జరిగాయి. యూరోపియన్ యూనియన్ వ్యవసాయ కమిషనర్‌గా ఉన్న ఐర్లండ్‌వాడు రే మాక్‌షారీ, పంటకు హామీ ధర ఇచ్చే పాత పద్ధతిని తగ్గించి రైతుకు నేరుగా డబ్బిచ్చే దారి మొదలుపెట్టారు. అదే ఏడాది జులైలో 2081/92 నంబరు చట్టంతో ప్రాంతాల పేర్లకు యూరప్ మొత్తానికీ ఒకే రక్షణ వచ్చింది. ఎక్కువ పండించు అనే కాలం పోయి, ప్రత్యేకంగా పండించు అనే కాలం వచ్చిందన్నమాట. దక్షిణాది దేశాల చిన్న రైతులు ధాన్యం బస్తాల లెక్కలో ఉత్తరాది పెద్ద కమతాలతో పోటీ పడలేరు. పేరుతో పడగలరు.

రకాలు ముఖ్యంగా రెండు. పీడీఓ అంటే మేత నుంచి మాగబెట్టడం దాకా అన్ని దశలూ ఆ ప్రాంతంలోనే జరగాలి. ఎరుపు పసుపు ముద్ర ఉంటుంది. పీజీఐ అంటే కనీసం ఒక్క దశ అక్కడ జరిగితే చాలు, ముద్ర నీలం పసుపు. మూడోది ప్రాంతంతో పని లేకుండా పాత తయారీ పద్ధతిని మాత్రమే కాపాడేది. దాన్ని వాడేవాళ్ళు తక్కువ.

నిబంధనల పత్రం రాసేది ప్రభుత్వం కాదు, ఉత్పత్తిదారుల సంఘం. ముందు సొంత దేశం పరిశీలిస్తుంది, తర్వాత యూరోపియన్ కమిషన్ చూస్తుంది, మిగతా దేశాలు అభ్యంతరం చెప్పొచ్చు.

డబ్బు సంగతి: కమిషన్ చేయించిన అధ్యయనం ప్రకారం 2017లో ఇలాంటి పేర్లున్న సరుకు అమ్మకాలు 7,476 కోట్ల యూరోలు. అందులో సగానికి పైగా వైనే. పేరున్న సరుకు ధర, పేరు లేని అదే తరహా సరుకు ధరకు సగటున రెట్టింపు. అయితే ఇది అమ్మకపు ధర. అందులో రైతు చేతికి ఎంత వచ్చిందనేది వేరే లెక్క, అది పేరు పేరుకీ మారుతుంది.

4. కిరణ్ (కోపెన్‌హాగన్)

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

డెన్మార్క్‌లో ఏళ్ళ తరబడి ఆవుపాలతో ఫెటా చీజ్ చేసేవాళ్ళు. ఇప్పుడా పేరు గ్రీసుకే చెందింది. నేను డెయిరీ యంత్రాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, ఆ తరంవాళ్ళతో కలిసి పనిచేశాను. వాళ్ళ దృష్టిలో ఫెటా ఒక ఊరు కాదు, ప్రాంతం కాదు. ఆ మాటకు అర్థం ముక్క, అదీ ఇటాలియన్ నుంచి వచ్చింది. ఒక వంటకం పేరు లోకమంతా పాకాక దాన్ని ఒక దేశానికి రాసిచ్చేస్తే, మిగతావాళ్ళు కష్టపడి పెంచిన మార్కెట్ ఏమైనట్టు? మన ఇడ్లీ పేరు తమిళనాడుకో కర్ణాటకకో రాసిస్తే ఊరుకుంటామా?

సాలెర్ లాంటి చిన్న పేర్ల మీద నాకు గౌరవమే. వాటి చాటున పెద్ద పెద్ద పేర్లను తలుపు మూసి కాపాడుకోవడమే నాకు నచ్చనిది.

5. చట్టంచదువరి (హైదరాబాద్)

కిరణ్ గారూ, ఫెటా కేసు నేను మొత్తం చదివాను. మీ వాదననే డెన్మార్క్, జర్మనీ, ఫ్రాన్స్ యూరప్ కోర్టులో పెట్టాయి. ఒకసారి గెలిచాయి కూడా. 1996లో నమోదైన పేరు 1999లో కొట్టివేశారు, ఇతర దేశాల్లో పరిస్థితిని కమిషన్ సరిగా చూడలేదని. 2002లో మళ్ళీ నమోదు చేశారు. 2005 అక్టోబర్ 25న కోర్టు దాన్ని ఖాయం చేసింది.

కారణాలు గమనించండి. తలసరి లెక్కన యూరప్‌లో ఫెటా వాడకంలో 85 శాతం పైగా గ్రీసులోనే ఉంది. రెండో కారణం నాకు బాగా గుర్తుండిపోయింది. గ్రీసు బయట చేసిన ఫెటా డబ్బాల మీద కూడా గ్రీకు బొమ్మలు, గ్రీకు సంస్కృతి గుర్తులు వేసి అమ్మారు. అది ఎవరిదీ కాని సాధారణ పేరైతే ఆ బొమ్మలెందుకు? కొనేవాడి మనసులో గ్రీసు ఉందని అమ్మేవాడికి తెలుసు కాబట్టే వేశాడు.

పైగా గ్రీకు ఫెటాలో కనీసం 70 శాతం గొర్రెపాలు ఉండాలి, మిగతాది మేకపాలు. ఆవుపాలు కలపకూడదు. అంటే డబ్బాలో ఉన్న వస్తువే వేరు.

ఆ తర్వాత కూడా డెన్మార్క్ కంపెనీలు యూరప్ బయటి దేశాలకు ఫెటా పేరుతో ఎగుమతి చేస్తుంటే ప్రభుత్వం ఆపలేదు. 2022 జులైలో కోర్టు అదీ తప్పేనని తేల్చింది.

ఇడ్లీ పోలిక సరికాదు. ఇడ్లీని ఎవరూ ఒక ఊరి బొమ్మ వేసి అమ్మడం లేదు. బందరు లడ్డూతో పోల్చండి. బందరులో చెయ్యనిదాన్ని బందరు లడ్డూ అంటే మీకు ఎలా ఉంటుంది?

6. కిరణ్ (కోపెన్‌హాగన్)

బొమ్మల సంగతి నాకు తెలియదు. ఆ ఒక్క పాయింటు ఒప్పుకుంటాను. మిగతాది ఇంకా ఆలోచించాలి.

7. పాలకేంద్రం (రెజ్జో ఎమీలియా)

ఆలస్యంగా చేరాను. ఫుడ్ టెక్నాలజీ చదివి పదేళ్ళుగా ఇక్కడ చీజ్ కేంద్రాల నాణ్యత పరీక్షల్లో పనిచేస్తున్నాను. గోదారిగట్టు గారు అడిగిన చివరి ప్రశ్న, రైతుకి ఏం మిగులుతుంది అన్నది, నా పనిలో రోజూ ఎదురయ్యేదే. దాని గురించి వివరంగా రాస్తాను.

పార్మిజానో రెజ్జానో చీజ్ చేసే ప్రాంతం పార్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా జిల్లాలు, రేనో నదికి పడమటి బొలోన్యా, పో నదికి దక్షిణపు మాంటువా. అంతే. ఆ గీత బయట ఒక అడుగు దూరంలో చేసినా ఆ పేరు రాదు. పచ్చిపాలే వాడాలి. ఆవులకు పాతరగడ్డి పెట్టకూడదు. ఎందుకంటే పాతరలో పులిసిన మేతతో పాలలోకి ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు చేరతాయి. అవి నెలల తర్వాత చక్రం (గుండ్రటి చీజ్ దిమ్మ) లోపల గ్యాసు పుట్టించి చీజ్‌ని పగలగొడతాయి. పక్కనే గ్రానా పదానో అనే చీజ్ ఉంది, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. దానికి పాతరగడ్డి పెట్టొచ్చు, ఆ గ్యాసు ఆపడానికి గుడ్డు తెల్లసొన నుంచి తీసే లైసోజైమ్ కలపొచ్చు. మాకు ఆ వీలు లేదు. ఎండుగడ్డి మీదే నడవాలి, అదీ ఎక్కువ భాగం ఇక్కడ పండిందే.

ఒక చక్రం సుమారు 40 కిలోలు. దానికి 550 లీటర్ల దాకా పాలు పడతాయి. 12 నెలలు తక్కువ కాకుండా మాగాలి. ఏడాది నిండాక తనిఖీ చేసేవాళ్ళు చిన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి చెవితో వింటారు. లోపల బోలు ఉంటే శబ్దం మారుతుంది. ఆ తనిఖీలో తప్పితే పైన చుక్కలతో అచ్చువేసిన పేరు గీకేస్తారు. అలా గీకేయడం నేను మొదటిసారి చూసినప్పుడు, ఏడాది పాటు దాన్ని తిప్పి తుడిచిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ఏమీ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ముద్ర ఒక్కటే ధర తేలేదు. 1934లో పుట్టిన ఇక్కడి సంఘం ఏడాదికి ఎన్ని చక్రాలు అన్నదానికి ప్రణాళిక వేస్తుంది. మొత్తం నలభై లక్షల చుట్టూ ఉంటుంది. తన వాటా మించి చేసినవాళ్ళు సంఘానికి అదనంగా కట్టాలి. మామూలుగా ఇలా సరుకు తగ్గించి ధర నిలపడం పోటీ చట్టానికి విరుద్ధం. 2012లో పాల ప్యాకేజీ అనే చట్టం తెచ్చి, పేరు రక్షణ ఉన్న చీజ్‌లకు మాత్రం ఆ వీలు ఇచ్చారు. తర్వాత హామ్‌కీ (ఉప్పు పట్టించి మాగబెట్టిన పందిమాంసం) ఇచ్చారు. 2015 ఏప్రిల్ 1న యూరప్ పాల కోటాలు (ఇంతకు మించి పాలు తీయకూడదన్న పరిమితులు) ఎత్తేసినప్పుడు మామూలు పాల ధర కుప్పకూలింది. అప్పుడు ఈ వీలు ఎంత విలువైనదో అందరికీ తెలిసింది.

ఫ్రాన్స్‌లో కోంతే చీజ్‌ది కూడా ఇదే దారి. అందుకే కోంతేకి పాలు పోసే రైతుకు మామూలు పాల రైతు కన్నా మెరుగైన ధర వస్తుంది. సంఘం లేని చోట, ఉన్నా ఒకటి రెండు పెద్ద కంపెనీల చేతిలో ఉన్న చోట, పేరు ఉంటుంది గానీ డబ్బు రైతు దాకా దిగదు.

ఇంకొక మాట. ఈ మైదానంలో ఆవుల పాకల్లో పాలు పితికేవాళ్ళలో చాలామంది పంజాబీలు. తెల్లవారుజామున మూడింటికి లేచే మనవాళ్ళ చేతుల మీదుగా ఈ ఇటలీ పేరు నిలబడుతోంది. వాళ్ళ జీతం గురించి ఏ నిబంధనల పత్రంలోనూ ఒక్క వాక్యం లేదు. అది నాకు బాధగా ఉంటుంది.

8. గోదారిగట్టు (రావులపాలెం)

పాలకేంద్రం గారూ, చెవితో వినే సంగతి చదివి మా ఊళ్ళో కొబ్బరికాయల వ్యాపారి గుర్తొచ్చాడు. కాయ ఊపి చెవి దగ్గర పెట్టుకుని లోపల ఎంత ఉందో చెప్పేవాడు.

మీరు చెప్పినదాన్ని బట్టి, ముద్ర కన్నా నిబంధనల పత్రమే ముఖ్యమనిపిస్తోంది. మరి ఆ పత్రం బలహీనంగా రాసుకుంటే?

9. పాలకేంద్రం (రెజ్జో ఎమీలియా)

అదే జరుగుతోందండీ. ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ లోయలో బ్రెజావోలా దెల్లా వల్తెల్లీనా అనే ఎండబెట్టిన గొడ్డు మాంసం ఉంది, పీజీఐ. అందులో ఎక్కువ భాగానికి మాంసం బ్రెజిల్ నుంచి గడ్డకట్టించి తెస్తారు. అక్కడివి మన దేశం నుంచి వెళ్ళిన మూపురం ఆవుల సంతతి. చట్టప్రకారం అది తప్పు కాదు. ఉప్పు పట్టించి ఆరబెట్టే దశ లోయలో జరిగితే చాలు. కానీ ప్యాకెట్ మీద కొండల బొమ్మ చూసి కొనేవాడు ఆ కొండల్లో మేసిన పశువే అనుకుంటాడు.

పీజీఐలన్నీ ఇలాంటివని కాదు. అయితే పేర్ల మీద జనానికి నమ్మకం పోతే, అది పోయేది ఇలాంటి చోటి నుంచే.

10. కిరణ్ (కోపెన్‌హాగన్)

> ఆ పత్రం బలహీనంగా రాసుకుంటే?

బలంగా రాసుకున్నా చిక్కే. ఇంగ్లండ్‌లో స్టిల్టన్ చీజ్ చూడండి. దానికి ఆ పేరిచ్చిన స్టిల్టన్ ఊరు కేంబ్రిడ్జ్‌షర్‌లో ఉంది. నిబంధన ప్రకారం డార్బీషర్, లెస్టర్‌షర్, నాటింగమ్‌షర్ మూడింటిలోనే చెయ్యాలి. కాబట్టి స్టిల్టన్ ఊళ్ళో స్టిల్టన్ చెయ్యకూడదు. పాలు పాశ్చరైజ్ చెయ్యాలన్న నిబంధన కూడా పత్రంలోకి ఎక్కింది. పచ్చిపాలతో పాత పద్ధతిలో చేద్దామని ముందుకొచ్చినవాళ్ళు తమ చీజ్‌ని స్టిచెల్టన్ అని పిలుచుకోవాల్సి వచ్చింది. పత్రం రాసిన నాటికి ఎవరు బలంగా ఉన్నారో వాళ్ళ పద్ధతే సంప్రదాయం అయిపోతుంది. నా అభ్యంతరం అసలు ఇది.

11. చట్టంచదువరి (హైదరాబాద్)

ఇది మాత్రం గట్టి అభ్యంతరం. దీన్ని కాదనలేను.

ఫ్రాన్స్‌లోని నార్మండీ కామంబేర్ చీజ్ విషయంలో కూడా ఇదే గొడవ. పచ్చిపాలతో, గరిటెతో అచ్చుల్లో పోసే చిన్నవాళ్ళకు పీడీఓ ఉంది. పాశ్చరైజ్ చేసిన పాలతో లక్షల కొద్దీ చేసే పెద్ద కంపెనీలు 'నార్మండీలో తయారైనది' అని రాసుకునేవి. 2018లో రాజీ కుదిరింది, రెండింటినీ ఒకే పేరు కిందికి తెచ్చి పాశ్చరైజేషన్‌ని అనుమతిద్దామని. 2020లో ఉత్పత్తిదారులే దాన్ని తిప్పికొట్టారు. పత్రం ఎలా మారాలో తేల్చే ఓటు వాళ్ళ చేతిలో ఉండబట్టే అది సాధ్యమైంది. స్టిల్టన్ తరహా పొరపాటుకి మందు పేర్లు ఎత్తేయడం కాదు, చిన్నవాళ్ళకు సంఘంలో ఓటు ఉండడం.

12. నంద్యాల రైతుబిడ్డ (బనగానపల్లె దగ్గర)

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను. ఈసారి రాయాలనిపించింది.

మా మామిడికి 2017లో జీఐ వచ్చింది. పేరు నమోదైంది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యాన విభాగం మీద. మా నాన్న తోట ముప్పై ఏళ్ళ నాటిది. జీఐ వచ్చాక ధరలో తేడా ఏమీ చూడలేదు. మండీలో ఎక్కడి బేనిషాన్ అయినా బనగానపల్లె అనే అంటారు. రెండేళ్ళ కిందట ఒక వ్యాపారి మా కాయలకు వేరే ఊరి కాయలు కలిపి మా ఊరి పేరుతో పెట్టెలు పంపించాడు. అడిగితే 'పేరు నీ ఒక్కడిదా' అన్నాడు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. మాకు సంఘం లేదు, నిబంధనల పత్రం ఎలా ఉంటుందో మేం చూడలేదు.

పార్మా రైతులు తమ పత్రం తామే రాసుకుంటారని ఇక్కడ చదివాక, మాకు ఏది లేదో తెలిసింది. అసలు అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడే హక్కున్నవాడిగా) పేరు నమోదు చేసుకోవడం ఎలా?

13. చట్టంచదువరి (హైదరాబాద్)

తమ్ముడూ, మన 1999 చట్టంలోనే ఆ ఏర్పాటుంది. పేరు యజమానిగా ఎవరున్నా, పండించే ప్రతి రైతూ చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. ఒక్కడివే కాకుండా పది మంది కలిసి వెళ్ళండి. వివరాలకు నాకు వేరే మెసేజ్ పెట్టు, దరఖాస్తు నింపడంలో సాయం చేస్తాను, ఫీజు ఏమీ వద్దు.

14. వేదిక నిర్వాహకులు

మామిడి జీఐ మీద విడిగా చర్చ మొదలుపెడదాం, అది కూడా కావలసినదే. ఇక్కడ పచ్చికబయలు గారి ప్రశ్నకు, అంటే యూరప్‌లో ముందు దారి ఏమిటన్నదానికి వద్దాం.

15. శ్యామల (బ్రస్సెల్స్)

సరే, కొత్త చట్టం గురించి. 2024 మే 13 నుంచి అమల్లో ఉన్నది 2024/1143. వైన్, స్పిరిట్లు, తిండి సరుకులు మూడింటి నమోదు పద్ధతినీ ఒక చోటికి తెచ్చింది. యూరప్ పార్లమెంటులో దీన్ని నడిపించింది ఇటలీ సభ్యుడు పావోలో దె కాస్త్రో.

మంచి మార్పులు: సంఘాలకు బలం పెరిగింది. ఇంటర్నెట్ డొమైన్ పేర్లలో కూడా రక్షణ వచ్చింది. పిజ్జా ప్యాకెట్ మీద ఒక పేరున్న చీజ్ ప్రస్తావించాలంటే అందులో అది ఎంత శాతమో రాయాలి, తగినంత వెయ్యాలి, దానికి పోటీ చీజ్ కలపకూడదు. ఇదివరకు చిటికెడు చల్లి పేరు పెద్దక్షరాల్లో వేసేవాళ్ళు.

ఒక పెద్ద పోరాటం కూడా జరిగింది. 2022లో కమిషన్ మొదట పెట్టిన ప్రతిపాదనలో ఈ పేర్ల పనిని చాలావరకు మేధోసంపత్తి కార్యాలయానికి అప్పగించే ఆలోచన ఉంది. అది ట్రేడ్‌మార్కులు చూసే సంస్థ. పేరు అంటే లోగో కాదు, దాని కింద నేల ఉంది, మేత ఉంది, దాన్ని వ్యవసాయం తెలిసినవాళ్ళే చూడాలని సంఘాలు పట్టుబట్టాయి. చివరికి నిర్ణయం కమిషన్ దగ్గరే ఉండిపోయింది, ఆ కార్యాలయం సాంకేతిక సాయానికి పరిమితమైంది. నా లెక్కలో ఇదే ఈ చట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పేరు వ్యవసాయ విధానంలో ఉంటే రైతు గురించి మాట్లాడతాం. ట్రేడ్‌మార్కు విధానంలోకి పోతే అమ్మేవాడి గురించే మాట్లాడతాం.

నిరాశపరిచింది వాతావరణం సంగతి. సంఘాలు నీటి వాడకం, నేల, పశు సంక్షేమం వంటివి పత్రంలో చేర్చుకోవచ్చు, కానీ అది వాళ్ళ ఇష్టం. కరువు వంటి విపత్తు వచ్చినప్పుడు తాత్కాలిక సడలింపు అడిగే వీలు ముందు నుంచీ ఉంది. 2022లోనే ఫ్రాన్స్‌లో కొన్ని చీజ్‌లవాళ్ళు అలా మేత నిబంధన సడలించుకున్నారు. ప్రతి రెండేళ్ళకీ విపత్తు వస్తుంటే తాత్కాలికం అన్న మాటకు అర్థం ఉండదు కదా. దానికి చట్టంలో సమాధానం లేదు.

ఇక డబ్బు. 2025 జులైలో కమిషన్ 2028 నుంచి మొదలయ్యే బడ్జెట్ ప్రతిపాదనలో వ్యవసాయ నిధినీ ప్రాంతీయ అభివృద్ధి నిధినీ ఒకే మూటలో కట్టింది. రైతు సంఘాలు భగ్గుమన్నాయి. పేరు రక్షణకి బడ్జెట్‌లో పెద్దగా ఖర్చేమీ లేదు. ఖర్చు లేనిదాన్ని పొగడడం సులువు, అందుకే నాయకులందరూ పొగుడుతారు. ఆ పేరు నిలబడడానికి కొండ మీద మనిషి ఉండాలి, అతనికి మాత్రం ఖర్చవుతుంది.

16. పచ్చికబయలు (క్లెర్మాన్-ఫెర్రాన్)

ఇవన్నీ చదివాక నా మొదటి ఆలోచన చెప్తాను, తప్పైతే దిద్దండి. పత్రం మనుషులు రాసిందే. 75 శాతం పచ్చిక అన్నది కూడా ఎవరో కూర్చుని రాసిన అంకె. ఎండలు మారినప్పుడు అంకె మారితే తప్పేముంది? 50 చేస్తే ఆ వేసవిలో ఆపాల్సి వచ్చేది కాదేమో. సైప్రస్‌లో హల్లూమీ అనే చీజ్ విషయంలో అలాగే చేశారు కదా.

17. పాలకేంద్రం (రెజ్జో ఎమీలియా)

హల్లూమీ ఉదాహరణ జాగ్రత్తగా చూడండి. 2021లో నమోదైంది. పత్రం ప్రకారం గొర్రె, మేకపాలు సగం మించి ఉండాలి. ఎగుమతులు పెరిగి పెరిగి ఆవుపాలే ఎక్కువ వాడుతున్నారు. దీవిలో అన్ని గొర్రెలూ మేకలూ లేవు. అందుకని గడువిచ్చారు, ఆ గడువునీ పెంచారు. ఈలోపు జనం నాలుక ఆవుపాల రుచికి అలవాటు పడిపోతుంది. గడువు తీరాక అసలైనది చేస్తే 'ఇది హల్లూమీ కాదు' అని కొన్నవాళ్ళే అంటారు. సడలింపుతో ప్రమాదం అది. పేరు అలాగే ఉంటుంది, దాని కింద సరుకు మెల్లగా జరిగిపోతుంది.

అయినా మీరుండేది అక్కడే కదా. చేసేవాళ్ళనే అడగండి.

18. కిరణ్ (కోపెన్‌హాగన్)

అవును, అడిగి రాయండి. నాకూ తెలుసుకోవాలనుంది.

19. పచ్చికబయలు (క్లెర్మాన్-ఫెర్రాన్)

రెండు వారాలు ఆలస్యమైంది, క్షమించండి. సంతలో ఆవిడ ద్వారా ఒక రైతు దగ్గరికి వెళ్ళాను. గుట్ట మీద రాతి పాక, దగ్గర దగ్గర నలభై ఆవులు. జెర్ల్ చూపించాడు. చెక్కను సబ్బుతో కడగరు. విరిగిన పాల తేటతో, నీళ్ళతోనే శుభ్రం చేస్తారు, ఆ చెక్కలో ఉండే మంచి సూక్ష్మజీవులే పాలను పులియబెడతాయని చెప్పాడు. వేరే తోడు ఏమీ వెయ్యడట.

50 శాతం సంగతి అడిగాను. ఆయన కాసేపు నా వైపు చూసి చెప్పింది నాకొచ్చిన ఫ్రెంచిలో అర్థం చేసుకుని రాస్తున్నాను. 'నవంబర్ 16 నుంచి ఇదే పాకలో, ఇవే చేతులతో, ఈ ఆవుల పాలతోనే నేను కాంతాల్ చీజ్ చేస్తాను. దానికీ పేరు రక్షణ ఉంది, ధర తక్కువ. రెండింటికీ మధ్య తేడా ఈ పచ్చికే. ఆ అంకె తగ్గిస్తే నా దగ్గర రెండు కాంతాల్‌లు ఉంటాయి, సాలెర్ ఉండదు.'

నా ఆలోచన అక్కడితో మారింది. ఆపడం నిబంధన చేసిన తప్పు అనుకుని ఈ చర్చ మొదలుపెట్టాను. ఆపగలగడమే ఆ పేరుకి విలువ తెచ్చిందని ఆ పాకలో నిలబడ్డాక తెలిసింది. పచ్చిక లేని నెలలో సాలెర్ చేసి ఉంటే, పచ్చిక ఉన్న నెలలో చేసినదాన్ని నేనెందుకు నమ్మాలి?

మరి ఆ వారాలు ఎలా గడిచాయని అడిగాను. తక్కువ ధరకు వేరే చీజ్ చేశాడట. చలికాలానికి దాచిన ఎండుగడ్డి ఆగస్టులోనే ఆవులకు పెట్టాల్సి వచ్చింది, తర్వాత గడ్డి కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ బరువు రెండేళ్ళు మోశానన్నాడు. ఆయనకు కావలసింది అంకె మార్పు కాదు. నిబంధనకు కట్టుబడి ఆపినవాడికి, ఆ ఆపిన రోజులకు ఆసరా. సడలించుకున్నవాడి గల్లా నిండి, మాట నిలబెట్టుకున్నవాడు అప్పు చేస్తే రేపు ఎవరు ఆపుతారని అడిగాడు. శ్యామల గారూ, దీనికి మీ దగ్గర ఏమైనా దారుందా?

20. శ్యామల (బ్రస్సెల్స్)

విడిగా ఈ పేర్ల కోసమని లేదు. వ్యవసాయ విధానంలో నష్టాలకు బీమా సాయం, రైతులు కలిసి పెట్టుకునే పరస్పర నిధులకు సాయం ఉన్నాయి. కానీ అవి నష్టాన్ని దిగుబడి పడిపోవడంతోనో, ఆదాయం పడిపోవడంతోనో కొలుస్తాయి. ఈయన పాలు ఆగలేదు, పేరు ఆగింది. పేరు ఆగడాన్ని నష్టంగా లెక్కించే గడి ఏ ఫారంలోనూ నేను అనువదించలేదు. 2028 నుంచి వచ్చే నిబంధనల మీద దేశాలు ఇంకా మాట్లాడుకుంటున్నాయి. సంఘాలు అడగాల్సిన గడి ఇదే అనిపిస్తోంది. నా పరిధిలో ఎవరికి చెప్పగలనో వాళ్ళకు చెప్తాను.

21. కిరణ్ (కోపెన్‌హాగన్)

ఫెటా విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా మారలేదు. కానీ ఈ రైతు విషయంలో ఆసరా ఇవ్వాలన్నదానికి నా ఓటు వేసుకోండి. డెన్మార్క్ పన్ను డబ్బు అందులోకి పోయినా సరే.

22. గోదారిగట్టు (రావులపాలెం)

బాబూ, ఆ ఎర్ర ఆవుల గురించి ఒక్క మాట అడగాలి. పాలు పితికేటప్పుడు దూడను వదులుతారా?

23. పచ్చికబయలు (క్లెర్మాన్-ఫెర్రాన్)

వదులుతారండీ. అందరి దగ్గరా సాలెర్ జాతి ఆవులే ఉండవు, వేరే జాతులూ ఉంటాయి. ఈయన దగ్గర మాత్రం అవే. ఆ జాతి ఆవు దూడ పక్కన లేకపోతే చేపదట. ముందు దూడ కాసేపు తాగుతుంది, తర్వాత దాన్ని తల్లి ముందు కాలికి కట్టి పితుకుతారు. మెషీన్ ఉన్నా దూడ ఉండాల్సిందే. చివరి పాలు దూడకే వదిలేస్తారు.

24. గోదారిగట్టు (రావులపాలెం)

మా అమ్మ కూడా అంతే చేసేది. ఆ చీజ్ ఎలా ఉంటుందో ఈసారి వచ్చేటప్పుడు ఒక ముక్క తీసుకురా. పచ్చిక బాగా ఉన్న నెలలో చేసిందే తేవాలి సుమా.

25. పచ్చికబయలు (క్లెర్మాన్-ఫెర్రాన్)

సంక్రాంతికి వస్తున్నాను. జూన్‌లో చేసిన చక్రం లోంచి కోయించి తెస్తాను.